పంతొమ్మిది ఒకట్లు

బాపు తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగేసరికి నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాను. అమ్మ అప్పటికే లేదు. కొన్నాళ్లే కదా అనుకుని సిద్దిపేట వచ్చేశాను. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు చెప్పారు, ఆయన కాళ్లు ఇక కదలవని.

మాది కిరాయిగది. ఆయన మంచం, నా చాప, మూలన స్టవ్వు. ఆయన్ని తరచూ పక్కకు తిప్పుతూ ఉండాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. రెండు తిప్పుళ్ల మధ్య కూరగాయలకు పోయి రావడమే నాకు బయటి లోకం.

ఒక మధ్యాహ్నం పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకుంటుంటే బాపు అడిగాడు.

“ఏందవి, అన్నీ ఒకట్లే రాస్తున్నవ్?”

“పక్కపక్కన ఒకట్లు పెట్టుకుంట పోతే వచ్చే సంఖ్యలు బాపూ. ఏవి తెగుతయో చూస్తున్న.”

ఆరు ఒకట్లను రెండేసి చొప్పున విడదీయొచ్చు కాబట్టి పదకొండు ఆ సంఖ్యను భాగిస్తుంది. ఐదు ఒకట్లను అలా సమానంగా విడదీయలేం. అయినా అదీ తెగుతుంది: నలభై ఒకటిని రెండు వందల డెబ్బై ఒకటితో గుణిస్తే 11111. గుణించి చూపిస్తే బాపు మెడ ఎత్తి మరీ చూశాడు. పడ్డప్పటి నుంచి ఆయన దేన్నీ అలా చూడలేదు.

“అసలు తెగనిదే ఉండదా?”

“ఉన్నది. పదకొండు తెగదు. దాని తర్వాత పంతొమ్మిది ఒకట్ల దాకా అన్నీ తెగుతయి. గా పంతొమ్మిది ఒకట్లది మాత్రం ప్రధాన సంఖ్య, దేనితోని భాగం పోదు.”

“నువ్వు చేసి చూసినవా?”

“చేత్తోని చేస్తే జన్మంత పడ్తది. ఎందుకు తెగదో రుజువు నేర్చుకుందామనుకున్న. గప్పుడే ఇటొచ్చిన.”

బాపు గోడవైపు మొహం తిప్పుకున్నాడు. “నేను పోతే నువ్వు మళ్ల సదువుకు పోతవు తియ్యి,” అన్నాడు మెల్లగా.

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. లేచి స్టవ్వు దగ్గరికి వెళ్లాను. అంతకంటే దూరం పోవడానికి ఆ గదిలో జాగ లేదు.

గోడ అవతల ఒక ముస్లిం ఆవిడ బట్టలు కుడుతుంది, పిన్ని వరుసగా ఖాలా అంటాను. ఆమెకు ఇదంతా వినపడినట్టుంది. మరునాడు మిషన్ ఆపి వచ్చి బాపు పక్కన కూర్చుంది.

“జరసేపు నేనుంట బేటీ. నువ్వు బయటికి పోయి రా. నీ లెక్కలు గాడ చేస్కో.”

కోమటి చెరువు కట్ట మీద నీడ చూసుకుని కూర్చున్నాను. ఆ పెద్ద సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని పంతొమ్మిదితో భాగించినప్పుడు శేషం ఒకటి రావాలి. మిగతావి చూడనక్కర్లేదు. అలాంటి వాటిలో మొదటిది నూట తొంభై ఒకటి. భాగించాను, పోలేదు. తర్వాతది రెండు వందల ఇరవై తొమ్మిది. సగంలో ఉండగా బాపును తిప్పే వేళయిందని గుర్తొచ్చింది. ఖాలాకు తిప్పడం చేతకాదు. ఆ తర్వాత ఒక్క అంకె కూడా వేయలేకపోయాను.

గడపలో నన్ను చూసి బాపు విసుక్కున్నాడు. “గప్పుడే వచ్చినవేందే?”

“లెక్క అయిపోయింది బాపూ,” అని అబద్ధం చెప్పి, ఆయన నడుము కింద చెయ్యి పెట్టి ఎడమవైపు తిప్పాను.