వదిన చేయి తగిలితే

మా వదిన చేయి తగిలితే రైలింజను కూడా రెండు ముక్కలవుతుంది. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని కాన్వెంటులో సిస్టర్లు చెప్పేవారు కాబట్టి కాస్త సవరించుకుంటాను: రైలింజను కాదు, కుళాయి. కానీ ఆ కుళాయి పోయిన తీరు చూసినవాళ్లెవరూ రైలింజను మీద ఆశ పెట్టుకోరు.

నగరం నడిబొడ్డున, పాత గోడౌన్ల సందులో ఉన్న సహాయ కేంద్రం ఆవిడ సామ్రాజ్యం. పని పోయినవాళ్లు, ఇల్లు లేనివాళ్లు, ఇల్లుండీ వెళ్లలేనివాళ్లు అక్కడికొస్తారు. మధ్యాహ్నం భోజనం, దుప్పటి, కబుర్లు ఉచితం. వదిన అడుగుపెట్టిందంటే కుర్చీ కాలు ఊడేది, పరదా చిరిగేది, ఫ్యాను మూలిగేది.

"ఏముంది వదినా నీ చేతుల్లో?"

"పనుంది. నీ చేతుల్లోనే ఏమీ లేదు. ఈ దుంపలు చెక్కు తియ్యి మరిదీ."

ఆ చలికాలం తాళాల మేస్త్రి ఒకాయన వచ్చి ఎదురుగోడకి ఆనుకుని నిలబడటం మొదలుపెట్టాడు. కొట్టు పోయింది, చొక్కా వదులైంది, మీసం మాత్రం నిలబడే ఉంది. అన్నం ఉడికే వాసన వీధిలోకి వెళ్లినప్పుడల్లా ఆయన గుటక వేయడం నాకు కేంద్రం గుమ్మంలోకి కనబడేది. పిలవడానికి వెళ్లాను.

"ముష్టి తినే వంశం కాదు మాది," అన్నాడు.

వదిన వెళ్లింది. "తినమని ఎవరు బతిమాలారయ్యా? పక్కకి జరుగు, కూరగాయల బండి రావాలి," అనేసి తిరిగొచ్చింది.

"అదేంటి వదినా! మనిషి తూలిపోతుంటేనూ!"

"నోరు మూసుకుని వంటగదిలోకి పద."

వెళ్లాను. వెనకే తలుపు మూసుకుంది. తాళం తిరిగింది. ఆ వెంటనే 'టక్'మని చప్పుడు. తలుపు పక్క కిటికీలోంచి చూద్దును కదా, విరిగిన తాళంచెవి సగం, కటింగ్ ప్లయర్, రెండూ సంచిలో దాచేస్తోంది వదిన!

"కేకపెట్టు," అంది మెల్లగా.

"ఏమని?"

"ఊపిరాడటం లేదని!"

అరిచాను. స్కూలు నాటకంలో నాకు ఎప్పుడూ చెట్టు వేషమే ఇచ్చిన సిస్టర్ల మీద కోపమంతా తీరేలా అరిచాను. వదిన వీధిలోకి పరుగెత్తింది.

"అయ్యో, తాళంచెవి విరిగిపోయింది! మా మరిది లోపల ఇరుక్కుపోయాడు! ఇంతమంది అన్నమూ లోపలే! మేస్త్రీ, గుడ్లప్పగించి చూస్తావేం?"

మేస్త్రి వచ్చాడు. పిన్నీసు అడిగాడు. "ఈ తాళం తిప్పిన చేతుల్ని కట్టెయ్యాలి," అని గొణిగాడు. తలుపు తెరుచుకుంది. వదిన పళ్లెం నిండా వడ్డించింది.

"ఇది కూలి. ఊరికే పని చేయించుకునే వంశం కాదు మాది."

మేస్త్రి కూర్చున్నాడు. మారు వడ్డన తనే అడిగాడు. ఆ పక్కన కుర్చీ కాలు బిగిస్తున్న వడ్రంగినీ, పరదా కుడుతున్న దర్జీనీ అప్పుడు కొత్తగా చూశాను. వాళ్లూ మొదట్లో ఆ ఎదురుగోడ దగ్గర నిలబడ్డవాళ్లే! ఇప్పుడు మేస్త్రి కేంద్రంలోనే ఓ బల్ల వేసుకుని, పని పోయినవాళ్లకి తాళాల పని నేర్పుతున్నాడు.

ఇదంతా రాసి వదినకి చదివి వినిపించాను.

"ఒక్క ముక్క నిజం లేదు," అంది. "తాళంచెవి తుప్పుపట్టి విరిగింది. అసలు ఆ రోజు నువ్వు వంటగదిలోనే లేవు."

"మరి లోపల్నుంచి అరిచిందెవరు?"

"పిల్లి."