ఊరి నీళ్ళ సీసా

పోయిన శుక్రవారం ఇక్కడ కువైట్‌లో, మన తెలుగువాళ్ళుండే అబ్బాసియాలో మంగలి షాపుకు వెళ్ళాను. నా తలకు క్షవరం అంటే ఉన్న వెంట్రుకలు కత్తిరించడం కన్నా అవి ఎక్కడున్నాయో వెతకడమే పెద్ద పని కాబట్టి, ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ చుట్టుపక్కల మాటలు వినడానికి నాకు బోలెడంత తీరిక. పక్క కుర్చీలో, మన వైపు నుంచే కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒకాయన, ఈ దేశపు నీళ్ళు తలకు పోసుకుంటే జుట్టు ఊడుతుందనీ, తాగితే కిడ్నీలో రాళ్ళు పడతాయనీ మంగలికి గట్టిగా చెబుతున్నాడు. ఎలా తెలుసు బాబూ అని అడిగాను. "వీడియోలో ఉంది అంకుల్, చూస్తారా?" అని ఫోను చేతికివ్వబోయి, అద్దంలో నా తల కనబడగానే, ఇంకా రుజువెందుకన్నట్టు నవ్వేశాడు. నేనూ నవ్వాను. కానీ రాళ్ళు అన్న మాట దగ్గర మాత్రం నా మనసు తట్టుకుని ఆగిపోయింది.

నేను చదివింది తత్వశాస్త్రం. ఎం.ఏ. పట్టా పట్టుకుని కోనసీమలోనూ ఆ చుట్టుపక్కలా కాలేజీ కాలేజీకీ తిరిగాక, శాస్త్రం ఎవరికీ అక్కర్లేదు గానీ నాకు మాత్రం తత్వం బాగా బోధపడింది. తెలిసినవాళ్ళు వీసా ఇప్పిస్తే కువైట్ వచ్చి, సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి మంచినీళ్ళు చేసే చోట, ఆ నీళ్ళు పరీక్షించే ల్యాబులో సీసాలు కడిగి చీటీలు అంటించే పనిలో చేరాను. ఊరికి ఫోను చేయాలంటే కార్డు గీకి అందులోని అంకెలన్నీ నొక్కాల్సిన రోజులవి, మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అబ్బాసియాలో ఒక గదిలో ఎనిమిదిమందిమి. ఎం.ఏ. అని ఎవరో చెప్పగా నన్నందరూ మేష్టారనేవారు; పాఠం చెప్పించుకోవడానికి మాత్రం ఎవరూ సిద్ధంగా ఉండేవారు కాదు.

నా పక్క మంచం మీద ఉండేది అన్న. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, కడప వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ, నాకన్నా పదేళ్ళు పెద్ద. వేసవిలో డాబా మీది ట్యాంకు కాగిపోయి చన్నీళ్ళ కొళాయిలో మరిగే నీళ్ళూ, హీటరు ఆపేసిన కొళాయిలో చల్లటి నీళ్ళూ వచ్చే ఈ దేశపు వింతను నాకు మొదట విప్పి చెప్పినవాడు అన్నే. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇద్దరికీ ఏదో ఒక వాదం పడేది. దయ్యాలు, గ్రహణాలు, కలలు, ఏదైనా సరే. మిగతావాళ్ళు పడుకుని వింటూ, ఎవరు గెలుస్తున్నారో దాన్నిబట్టి నిద్రపోయేవారు. వారమంతా నాతో సీసాలు తప్ప ఎవరూ మాట్లాడేవారు కాదు కాబట్టి, నిజం చెప్పాలంటే నేను శుక్రవారం కోసమే బతికేవాణ్ణి.

ఒక వేసవిలో అన్న పనిచేసే చోటే నడుం పట్టుకుని కూలబడిపోయాడు. కిడ్నీలో రాయి అన్నారు. నీళ్ళు బాగా తాగమని డాక్టరు చెబితే అన్న దానికి తనదైన అర్థం తీశాడు. రాయి పడింది ఈడి నీళ్ళ వల్లే, అంటే ఇక్కడి నీళ్ళ వల్లే గనక తాగాల్సింది ఊరి నీళ్ళు. వాళ్ళ ఊరివాళ్ళు ఎవరు సెలవు మీద వెళ్ళినా తిరిగి వచ్చేటప్పుడు పచ్చడితోబాటు తన ఇంటి బోరు నీళ్ళు ఒక సీసా తెప్పించుకునేవాడు. దాన్ని మంచం కింద బట్టలో చుట్టి, పొద్దున్నా సాయంత్రం ఒక గుక్క, తీర్థంలా. ఈడి నీళ్ళు మాత్రం గొంతు తడుపుకోవడానికి చాలినన్నే. ఆ ఎండలో, ఆ పనిలో, రోజంతా అంతే.

నేను ఊరుకుంటానా? మంచినీళ్ళ గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. "నువ్వు ఆ నీళ్ళోళ్ళ ఉప్పు తినేవోనివి, అట్లనే చెప్తావులే" అన్నాడు. ఉప్పు తీసేసే చోట ఉప్పు తిని బతికేవాణ్ణన్నమాట! గదంతా నవ్వింది. నాకు ఆ నవ్వు గుచ్చుకుంది. మర్నాడు అన్న పనికి వెళ్ళాక, అడగకుండా, ఆ సీసాలోంచి చిన్న గ్లాసెడు నీళ్ళు ఒంపుకుని ల్యాబుకు తీసుకుపోయాను. పరీక్ష చేయించి, వచ్చిన కాగితాన్ని శుక్రవారం భోజనాల దగ్గర అందరి ముందూ చదివాను. అన్న ఊరి నీళ్ళలో కరిగిన లవణాలు ఇక్కడి నీళ్ళలోకన్నా ఎన్నోరెట్లు ఎక్కువ. కాబట్టి రాళ్ళు పెంచేది మీ ఊరి నీళ్ళే అని, పాఠం చెప్పే అవకాశం జన్మకొక్కసారి దొరికినవాడిలా, గొంతు పెంచి మరీ ముగించాను.

అన్న గొడవపడలేదు. ఆ కాగితాన్ని మడిచి నా చేతికిచ్చి, "గోదాట్లో పుట్టినోనివి. నీళ్ళు పారబోసేది తెలుసు నీకు, దాచిపెట్టుకునేది ఏం తెలుసబ్బా" అన్నాడు. సాయంత్రానికి పరుపు చుట్టుకుని పైఅంతస్తులో వాళ్ళ వైపు వాళ్ళ గదికి వెళ్ళిపోయాడు. గరిట చేత్తో గుమ్మంలో నిలబడి చూసిన మా వంట బాబాయి, అమలాపురం వైపు మనిషి, ఒక్కటే మాటన్నాడు. "ఆయ్, నిజవే చెప్పారండి మేష్టారూ. మనిషిని పోగొట్టుకున్నారంతే."

ఆ తరువాత వారాలు ఇప్పటికీ మరిచిపోలేను. నేను కంచం పట్టుకుని కూర్చుంటే పక్కన కూర్చునేవాడు లేడు, గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి, పక్క మంచం మీద ఎవరివో సూట్‌కేసులు. మళ్ళీ నొప్పి వస్తే ఇక ఖలాస్, టిక్కెట్టు చేతిలో పెట్టి పంపేస్తామని అన్నతో ఫోర్‌మన్ అన్నాడన్న సంగతి కూడా నాకు బాబాయి ద్వారానే తెలిసింది. ఆ భయంతో అన్న ఇక్కడి నీళ్ళు ఇంకా తగ్గించాడట. నా మాట గెలిచిన చోట అన్న ఒళ్ళు ఓడిపోతోందని అప్పుడు భయం పట్టుకుంది.

కాలేజీలో మా తర్కం మాష్టారు పొగను చూసి నిప్పును ఊహించే పాఠం చెబుతూ, పొగ లేనిచోట కూడా నిప్పు నిప్పు అని అరిచేవాణ్ణి పండితుడనరు, అల్లరివాడంటారు అనేవారు. మంచం మీద పడుకుని ఆ కాగితం మళ్ళీ తీసి చూశాను. అందులో లవణాల సంగతే ఉంది. రాళ్ళ ఊసు ఎక్కడా లేదు. అది నేను కలిపి చదివింది. శాస్త్రం పేరు చెప్పి అబద్ధమాడింది గదిలో నేనొక్కణ్ణే.

ఆ శుక్రవారం పైకి వెళ్ళాను. అన్న దేవుడి పటాలకు గోడమీద పలక బిగించబోతూ, మేస్త్రీలు మట్టం చూసుకునే సన్నటి గొట్టంలో నీళ్ళు నింపుతున్నాడు. రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. నన్ను చూసి ఆ కొస నా వైపు చాచాడు. పట్టుకున్నాను. ఆ కాగితంలో లేని మాట కూడా చదివానన్నా, అడక్కుండా నీ నీళ్ళు తీశాను, రెండూ తప్పే అన్నాను. ఈసారి చెప్పడం మానేసి అడిగాను. "నీ మాట తప్పయితే నీకెలా తెలుస్తుంది? నా మాట తప్పయితే నాకెలా తెలుస్తుందన్నా?"

అన్న గొట్టంలోని నీళ్ళ వంక చూపించాడు. "ఒక కొస సూసి మట్టం అంటే ఎట్ల? నువ్వొక కొస సూసి అంటివి, నేనొక కొస సూసి అంటి." పలక బిగించడం అయ్యాక, టీ తాగుతూ, తనే మళ్ళీ ఎత్తుకున్నాడు. "నీళ్ళు ఒకటే ఉండి పని యేరే ఉన్నోళ్ళను అడగల్ల. పని ఒకటే ఉండి నీళ్ళు యేరే ఉన్నోళ్ళనూ అడగల్ల." మా మాష్టారు ఒక టర్మంతా చెప్పి, పరీక్షలో నేను తప్పురాసిన పాఠాన్ని, అన్న సగం గ్లాసు టీలో చెప్పేశాడు.

అలా ఎన్నో శుక్రవారాలు ఇద్దరం కలిసి తిరిగాం. ఏసీలో కూర్చుని కుట్టే టైలర్లను, ఎండలో సిమెంటు మోసేవాళ్ళను, సీసా నీళ్ళే కొనుక్కుని తాగే సూపర్‌వైజర్లను, దూరాన జహ్రా పట్నంలోని ఇళ్ళలో పనిచేసే అన్న వాళ్ళ ఊరి డ్రైవర్లను అడిగాం. నేను ప్రశ్నలు మొదలుపెడితే తలుపులు మూసుకునేవారు, అన్న అడిగితే చాపలు పరిచేవారు. టైలర్లు తాగేదీ ఈ నీళ్ళే, వాళ్ళలో రాళ్ళవాళ్ళు అరుదు. సీసా నీళ్ళు తాగినా ఎండలో తిరిగేవాళ్ళు కొందరు నడుం పట్టుకున్నారు. దారిలో బండి ఆపే వీలుండదని నీళ్ళు మానేసే డ్రైవర్లదీ అదే కథ. చివరికి ఒకరోజు బస్సు కోసం నిలబడి ఉండగా అన్నే అన్నాడు. "నీళ్ళు కాదబ్బా. నీళ్ళు తాగకపోవడం."

మర్నాటి నుంచి పనికి పెద్ద క్యాను మోసుకెళ్ళాడు. ఏడాది తిరిగినా నొప్పి రాలేదు, టిక్కెట్టూ రాలేదు. చూశావా, రుజువైంది అని నేను ఎగిరాను. "తొందరపడాకు. నాకొక్కనికి తగ్గితే రుజువెట్ల అయితాది?" అని నన్ను నేలకు దించాడు. పరుపు మాత్రం మళ్ళీ నా పక్క మంచం మీదికి తెచ్చుకున్నాడు. తరువాత కొత్తగా వచ్చిన మేస్త్రీలకు అన్న నీతులు చెప్పలేదు, కూర్చోబెట్టి ప్రశ్నలడిగేవాడు, వాళ్ళే దారిలో పడేవారు. ఆ విద్యకు నా పట్టాలో ఏదో పేరుంది; ఉండీ నాకు పనికిరాలేదు.

అన్న వీసా రద్దు చేసుకుని వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నేనింకా ఇక్కడే ఉన్నాను, అదే ల్యాబులో, కాకపోతే ఇప్పుడు చీటీలు యంత్రం అంటిస్తుంది. గదిలో నలుగురమే, ఎవరి చెవుల్లో వాళ్ళ వైర్లు, ఎవరి ఫోనులో వాళ్ళ శుక్రవారం. ఆ రోజుల్లో తప్పుడు మాటకు కూడా ఒక మనిషుండేవాడు, ఎదురుగా కూర్చోబెట్టి టీ ఇచ్చి నీకెలా తెలుసని అడగడానికి వీలుండేది. ఇప్పుడు మాటే వస్తుంది, మనిషి రాడు.

నెలకోసారి అన్నకు ఫోను చేస్తాను. చెవులు బాగా మందగించాయనీ, వినబడకపోయినా నేను నొచ్చుకుంటానని అన్నిటికీ ఊ కొడతాడనీ కోడలు చెప్పింది. మొన్న నాకు ఉండబట్టలేక, కావాలనే, అన్నా, కువైట్ నీళ్ళు తాగితే రాళ్ళు పడతాయంట, నిజమే కదూ అని గట్టిగా అరిచాను. పోట్లాడతాడేమోనన్న ఆశతో చెవి ఫోనుకు ఒత్తిపట్టుకుని ఆగాను.

"అవునబ్బా, అవును" అన్నాడు.