కొత్త వంతెన దగ్గర పక్కకు జరిగిన పాక

మూడేళ్ళ కిందట, డుంబ్రిగూడ దాటాక, గెడ్డ అని పిలిచే ఒక కొండవాగు దగ్గర, నా బండిని లారీ గుద్దింది. కుడి కాలు విరిగింది. అక్కడ టిఫిను పాక నడిపే సోంబరమ్మ తన భుజం మీది తువ్వాలు చింపి కాలికి కట్టి, దారిన పోయే జీపును ఆపి నన్ను అరకు ఆసుపత్రికి చేర్చింది. కాలు నయమైంది కానీ ఆ దారిలో మళ్ళీ వెళ్ళలేదు. కాఫీ పళ్ళ తొక్క తీసే యంత్రాలు బాగు చేయడం నా పని. అటువైపు పని వస్తే ఇంకొకరికి అప్పగించేవాణ్ణి. పోయిన నెల పాడేరు నుంచి వచ్చిన ఒక రైతు, గెడ్డ మీద కొత్త వంతెన తెరిచారనీ, పక్కనున్న కూడలిని కూడా సరిచేశారనీ చెప్పాడు. ఇక వెళ్ళకపోవడానికి నా దగ్గర సాకు మిగల్లేదు. ఒక కొత్త తువ్వాలు కొని సంచిలో పెట్టుకున్నాను.

శృంగవరపుకోటలో ఉదయం ఐదున్నర బస్సు ఎక్కాను. అరకుకు టికెట్ తొంభై రూపాయల లోపే. ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పే అలవాటున్నవాళ్ళు ముందు సీట్లలో కూర్చోవడం మంచిది. ఎనిమిదింటికి అరకులో దిగి, కాఫీ తాగి, ఎనిమిదిన్నరకు పాడేరు బస్సు పట్టుకున్నాను. డ్రైవరే టికెట్లు కొట్టే సర్వీసు అది. ఆయన పేరు అప్పలరాజు. ఆ రోజు సంత కావడంతో బస్సు నిండా గంపలు, పసుపు మూటలు, రెండు మూడు కోళ్ళు ఉన్నాయి. నాకు ఇంజను పక్కన చోటు దొరికింది.

పాత వంతెన సంగతి కొంచెం చెప్పాలి. అది బాగా బలహీనపడిన తర్వాత, జనంతో ఉన్న బస్సును దాని మీదికి పోనిచ్చేవారు కాదు. బస్సు ఇవతల ఆగేది. అందరూ దిగి నడిచి గెడ్డ దాటేవారు. వెనకాల ఖాళీ బస్సు మెల్లగా వచ్చి అవతలి ఒడ్డున వాళ్ళను ఎక్కించుకునేది. అవతలి ఒడ్డునే కొండ మీది ఊళ్ళ నుంచి దిగే రోడ్డు ఐమూలగా వచ్చి కలిసేది. ఆ మూల మీదే సోంబరమ్మ పాక ఉండేది. బస్సు వచ్చేదాకా జనం అక్కడ నిలబడి టిఫిను తినేవారు. వంతెన పాడవడం వల్లే ఆమె వ్యాపారం నిలబడింది.

తొమ్మిదీ పదికి కొత్త వంతెన కనిపించింది. వెడల్పుగా ఉంది, రెండు పక్కలా నడిచేవాళ్ళకు ఎత్తైన దారి, ఇనుప కమ్మీలు. అప్పలరాజు వేగం తగ్గించలేదు. కానీ వెనక కలకలం మొదలైంది. సగం మంది ఆడవాళ్ళు లేచి గంపలు ఎత్తుకుని తలుపు దగ్గరికి వచ్చేశారు.

“ఆపు, ఆపు! దిగుతాం!” అని బుద్రమ్మ అనే ముసలావిడ రేకు మీద కొట్టింది.

“కూకోయే అవ్వా! ఇది కొత్త బ్రిడ్జి. ఏనుగులెక్కినా ఏటీ అవదు,” అన్నాడు అప్పలరాజు.

“అందుకే సెప్తన్నాను. కొత్త ఎద్దు మీద ముందురోజే బండెడు బరువెడతావేటి? కొన్నాళ్ళు అలవాటు పడనీ. నువ్వెల్లు, మేం నడిసి వత్తాం.”

“మూడు వారాలైనాదే తల్లీ!”

“నీ కాపరానికి మూడు వారాలప్పుడు మీ అత్త నీ మీద బరువెట్టినాదేటి?”

బస్సంతా నవ్వింది. అప్పలరాజు తల కొట్టుకుని బస్సు ఆపాడు. “పెతీ సంతకీ ఇదే గొడవ, మాస్టారూ,” అన్నాడు నాతో. పదిహేను మంది దిగారు. నేనూ దిగాను. గాలి చల్లగా ఉంది. కింద పాత వంతెన స్తంభాలు రెండు నీళ్ళలో మిగిలి ఉన్నాయి. బుద్రమ్మ కమ్మీని అరచేత్తో తట్టుకుంటూ, పశువును మచ్చిక చేసినట్టు ఏదో అంటూ నడిచింది. మా వెనకే బస్సు నడక వేగంతో వచ్చింది.

అవతల కూడలిని నేను గుర్తుపట్టలేకపోయాను. ఆ ఐమూల రోడ్డును తిప్పి హైవేకు లంబంగా కలిపారు. కలిసే చోట తెల్ల గీత, దానికి ముందు స్పీడు బ్రేకరు, ఎదురుగా గుండ్రటి పెద్ద అద్దం ఉన్నాయి. హైవేకు రెండు పక్కలా బస్సులు ఆగడానికి పక్కగా జాగా వదిలి బేలు కట్టారు. మూల మీద పాక లేదు. అక్కడ ఖాళీ నేల, చింతచెట్టు నీడ మాత్రమే ఉన్నాయి. అరకు వైపు వెళ్ళే బస్సుల బే వెనక, మూల నుంచి అరవై అడుగుల దూరంలో కొత్త తాటాకు పాక కనిపించింది.

సోంబరమ్మ ముందు నా నడక చూసింది, తర్వాత ముఖం చూసింది. “ఓలమ్మో! కాలు బాబు!” అంది. నా పేరు ఆమెకు ఎప్పుడూ తెలియదు. తువ్వాలు ఇచ్చాను. విప్పి చూసి, “మూడేళ్ళకి ఒక తువ్వాలేనా? సబ్బు తేనేదేటి?” అని నవ్వి భుజాన వేసుకుంది. చోడి అట్లు, అంటే రాగి అట్లే, అల్లం పచ్చడితో పెట్టింది. మూడు అట్లు ముప్ఫై రూపాయలు. డబ్బులు తీసుకోనంటే, రెండోసారి తిన్నవాటికి తీసుకోవాలని ఒప్పించి మళ్ళీ మూడు తిన్నాను.

నడిచి వచ్చినవాళ్ళలో ఐదుగురే రోడ్డు దాటి వచ్చారు. మిగిలినవాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయారు. పది దాటాక బుద్రమ్మా నేనూ తప్ప పాకలో ఎవరూ లేరు. పాడేరు నుంచి అరకు వెళ్ళే బస్సులు రెండు ఆగకుండానే పోయాయి. పొయ్యి పక్కన పిండి గిన్నె ఇంకా సగం నిండుగా ఉంది.

“ఇలగే ఉంతే ఈ నెల సూసి తీసేత్తాను. కాఫీ తోటల్లో కూలికెల్తాను,” అంది సోంబరమ్మ, బాధ పడుతున్నట్టు కాకుండా, రేపటి పని చెబుతున్నట్టు.

సంతలో పసుపు అమ్ముకునే ముందు తినడానికి ఆగిన బుద్రమ్మ ఊరుకోలేదు. “ఏటే, ఆ మూలకి పట్టుకెల్లు పొయ్యి. సెట్టు నీడుంది. అందరికీ అవుపడతావు. ఆపీసర్లు రోజూ వత్తారేటి?”

“ఎల్లను.”

“ఎందుకెల్లవు? నీ సోటే కదేటి!”

సోంబరమ్మ గరిటె గిన్నెలో పెట్టి నా కాలు చూపించింది. “ఈ బాబుని అడుగు. ఆ దినం లారీవోడు కొండ మీంచి దిగినాడు. ఈ బాబు బండి ఆడికి అవుపడనేదు. మద్దిలో నా పాకుంది. నా పాక కాడ జనం ఉన్నారు. నాను మూడేళ్ళు ఎవులికీ సెప్పనేదు.”

 ఇన్నాళ్ళూ ఆ లారీ డ్రైవరును తప్ప ఎవరినీ అనుకోలేదు. “నేను హారన్ కొట్టలేదు సోంబరమ్మా,” అన్నాను. అది నిజం.

కూడలి తిప్పేటప్పుడు రోడ్డు కొలిచేవాళ్ళు పాకను పది అడుగులు జరిపితే చాలన్నారట. ఆమెకు నమ్మకం కలగలేదు. కంకర తెచ్చిన లారీని అడిగి, డ్రైవరు సీట్లో తను ఎక్కి కూర్చుని, కొండరోడ్డు మీంచి కిందికి చూసిందట. పది అడుగుల దగ్గర ఒక పిల్లను నిలబెట్టి చూస్తే హైవే సగమే కనిపించిందట. ఇంకా జరుగు, ఇంకా జరుగు అంటూ వంతెన మొత్తం కనిపించేదాకా జరిపించి, ఆ పిల్ల ఆగిన చోట రాయి పాతి పాక వేసుకుంది.

బుద్రమ్మ ఇక మూల మాట ఎత్తలేదు. పసుపు మూట ఎత్తుకుంటూ, “అయితే బస్సునే ఇక్కడికి రప్పించాల,” అని తర్వాతి పాడేరు బస్సెక్కి సంతకు వెళ్ళిపోయింది.

నేను మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను. మూడూ పదికి పాడేరు వైపు నుంచి అప్పలరాజు బస్సు తిరిగి వచ్చింది. బేలోకి వెళ్ళి చెయ్యెత్తాను. ఆగింది. మెట్టు మీద నిలబడి, టిఫినుకు ఐదు నిమిషాలు ఆపగలరా అని అడిగాను.

“దిగేవోడు అడిగితే ఆపుతాను మాస్టారూ. ఎవులూ అడక్కుండా ఆపితే లేటుకి నాను జవాబు సెప్పుకోవాల,” అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా, “సోంబరమ్మ అట్లు కావలసినోల్లు దిగండి! ఐదు నిమిసాలే! బేగి రాకపోతే ఒగ్గేసి ఎల్లిపోతాను!” అని, అందరికంటే ముందు తనే దిగాడు.

మొదట నలుగురు దిగారు. వాసన తగిలాక ఇంకో ముగ్గురు వచ్చారు. సోంబరమ్మ రెండు పెనాలు పెట్టింది. ఐదు నిమిషాలు తొమ్మిదయ్యాయి. ఆ సమయంలోనే కొండరోడ్డు మీంచి కర్రల లారీ ఒకటి దిగి వచ్చింది. గీత దగ్గర ఆగింది. డ్రైవరు కుడికీ ఎడమకీ చూశాడు. వంతెన మీద ఒక మోటారు సైకిలు వస్తోంది. దాన్ని పోనిచ్చి, తర్వాత కదిలాడు. బండి మీదున్న అబ్బాయి అటు చూడను కూడా లేదు, నేరుగా వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో నేను ఆ అబ్బాయి గురించే ఆలోచించాను. తనకోసం ఎవరు ఏం వదులుకున్నారో అతనికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వంతెన కట్టినవాళ్ళకూ, రోడ్డు తిప్పినవాళ్ళకూ నా మొక్కు. కానీ నాకు కాలు నిలిపిన మనిషి, నాలాంటి ఇంకొకరికి అలా జరగకూడదని తన గిరాకీని అరవై అడుగులు దూరం పెట్టుకుంది. ఆ సంగతి ఏ శిలాఫలకం మీదా ఉండదు కాబట్టి ఇక్కడ రాశాను.

ఆ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. పాడేరు నుంచి అరకు వచ్చే బస్సులో ఉంటే, వంతెన రాకముందే డ్రైవరుతో చెప్పి బేలో ఆపించుకోండి. ఒక్కరు అడిగినా చాలు, ఆపుతారు. సొంత కారైతే పాక వెనకున్న మట్టినేలలో నిలపండి. మూల మీద చింతచెట్టు నీడ చల్లగా ఉండి పిలుస్తుంది, కానీ అక్కడ మాత్రం ఆపకండి.