రీవా పెట్టిన నియమం

రీవా ఓస్త్రోవ్ ఎవరి మాటకూ అడ్డు రాదు. అమెరికాలోని బఫెలో ఊళ్లో ఆమెను ఎరిగినవాళ్లు ఆమె గురించి ముందుగా చెప్పే మాట ఇదే. ఎదుట కూర్చున్న మనిషి వాక్యం మధ్యలో ఆగిపోయి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయినా, ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంటుంది. అతను వెతుక్కుంటున్న మాట గదిలో అందరికీ తెలిసిపోయినా అందించదు.

ఈ పట్టుదల ఆమెకు చిన్నప్పుడే వచ్చింది. తండ్రి తీసుకెళ్లే యూదుల పాత ప్రార్థనామందిరంలో ఆడవాళ్లు మేడమీద, తెర వెనక కూర్చునేవారు. రీవాకు పన్నెండేళ్లప్పుడు ఒక శనివారం కింద పవిత్రగ్రంథమైన తోరా చుట్ట విప్పి చదువుతున్న పెద్దాయన ఒక వరస దాటేశాడు. రీవా పైనుంచి ఆ మాట చెప్పింది. కింద మగవాళ్లందరూ తలలెత్తి చూశారు. ఆ పిల్ల నోరు మూయించమని ఎవరో అన్నారు. కాసేపటికి పెద్దాయన, తనకే గుర్తొచ్చినట్టు, వెనక్కి వెళ్లి ఆ వరస చదివాడు. మాట ఉండీ నోరు మూయించుకోవడం ఎలా ఉంటుందో రీవాకు ఆరోజే తెలిసింది.

పెద్దయ్యాక ఆమె బడుల్లో నత్తి ఉన్న పిల్లలకు మాట నేర్పే పని చేసింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లలకు ఒకటే చెప్పింది: చేతులు ఊపకు, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడు, తొందరపడకు, ఆ మాట నీది, ఇంకెవరూ ఎత్తుకుపోలేరు. అలా ఆమె దగ్గర కూర్చున్నవాళ్లలో యోయెల్ బ్రాట్‌మన్ అనే ఏడేళ్ల పిల్లాడు ఒకడు. అతనిప్పుడు నలభై దాటినవాడు, పన్నుల ఆఫీసులో గుమాస్తా. నత్తి తగ్గింది కానీ పోలేదు. జనంలో నోరు విప్పాల్సొస్తే ఇప్పటికీ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు.

రీవా, మరికొన్ని కుటుంబాలు పాత మందిరం వదిలి బయటికొచ్చి, ఊరికి ఉత్తరాన మూతపడ్డ తివాచీల దుకాణం ఒకటి కొనుక్కున్నారు. అదే వాళ్ల ప్రార్థనామందిరం. అక్కడ రబ్బీ అనే మతగురువు లేడు. ఒక వారం ఒకరు ప్రార్థన నడిపితే ఇంకో వారం ఇంకొకరు తోరా చదువుతారు. ఆడా మగా కలిసే కూర్చుంటారు. ఎవరు ఎవరిని పెళ్లాడారని, ఎవరి తల్లి యూదురాలు కాదని అక్కడ ఎవరూ అడగరు. చదవడం అయ్యాక ఎవరైనా సరే తోరా పెట్టి చదివే బల్ల దగ్గరికి వచ్చి మనసులో ఉన్నది చెప్పొచ్చు. అక్కడ నిలబడ్డ మనిషి ముగించేదాకా ఎవరూ అడ్డు రాకూడదు, మాట అందించకూడదు. ఆ నియమం రీవా పెట్టింది. మొదట్లో కొందరు విసుక్కున్నారు కానీ పోనుపోను అదే వాళ్ల గర్వమైంది.

పూర్వం చెప్పుల దుకాణం నడిపిన సెల్విన్ మాత్రం ఆమెను ఏడిపిస్తూనే ఉంటాడు. “మన రీవా ఉన్నచోట దేవుడైనా తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే,” అంటాడు.

“ఆగితే ఆయనకే మంచిది,” అంటుంది రీవా. “మొదటిసారి తొందరపడి లోకాన్ని ఆరు రోజుల్లో చేసి ముగించాడు.”

ఆ ఏడాది ఊరి పక్కనున్న సరస్సు మీంచి మంచు ముందుగానే వచ్చింది, వచ్చినది ఆగలేదు. దుకాణం పైకప్పు బల్లపరుపుగా ఉంటుంది, పడ్డ మంచు జారిపోయే వీలు లేదు. మనుషుల్ని పెట్టి తీయించాలని సెల్విన్ సభలో అన్నాడు. తలా ఒకటి చెప్పారు. చివరికి దలియా అనే ఆవిడ, ఆ చలికాలం ప్రార్థనలు చాలావరకు నడిపించేది ఆమే, ఆవేళ రెండు కుటుంబాలు రాలేదనీ, వాళ్ల మాట వినకుండా నిర్ణయించడం న్యాయం కాదనీ గుర్తుచేసింది. రీవా తల ఊపింది. సంగతి తర్వాతి సభకు వాయిదా పడింది. మంచు మాత్రం రాత్రీ పగలూ పడుతూనే ఉంది.

యోయెల్ తల్లి ఆ శరదృతువులోనే పోయింది. పోయినవాళ్ల కోసం చెప్పే కదిష్ ప్రార్థనకు పదిమంది ఉండాలి. అందుకని ప్రతి శుక్రవారం దలియా అందరికీ ఫోన్ చేసి, రేపు యోయెల్ కోసం వస్తారు కదా అని అడిగేది. రోడ్లు మూసుకుపోయిన వారాల్లో కూడా వచ్చేవారు. యోయెల్ వాళ్ల గొంతులతో గొంతు కలిపి కదిష్ చెప్పేవాడు. పదిమందితో కలిసి పలికితే అతనికి నత్తి రాదు. అది కాగానే కోటు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. ఏదో ఒకరోజు బల్ల దగ్గరికొచ్చి తల్లి గురించి నాలుగు మాటలు చెప్తాడని అందరూ కాచుకుని ఉన్నారు. అందరికన్నా రీవా.

అలాంటి ఒక శనివారం తలుపు పట్టేసింది. వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లను పలకరించే వంతు సెల్విన్‌ది. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా భుజం ఆనించి తోస్తూ, “చలికి బిగుసుకోవడంలో ఇదీ నా మోకాలూ కవలపిల్లలు,” అన్నాడు. లోపల పప్పు సూప్ వాసన. తోరా ఉంచే అల్మరా పైన, గోడమీద సన్నటి పగులు కనిపిస్తే, పాత సున్నం అంతేలే అన్నారెవరో. తోరా చదవడం మధ్యలో నెత్తిమీద ఒక శబ్దం వినిపించింది, మేడమీద ఎవరో కుర్చీ జరిపినట్టు. దలియా ఒక్క క్షణం ఆగి మళ్లీ చదవసాగింది. ఆ ఇంటికి మేడ లేదు.

యోయెల్ ఆలస్యంగా వచ్చాడు. కారు వెనకవైపు ఆపి, గోడ పక్కనుంచి నడిచొచ్చాడు. వస్తూనే సెల్విన్ చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. పెదవులు బిగుసుకున్నాయి, దవడ వణికింది, మాట రాలేదు. సెల్విన్‌కు కళ్లు చెమర్చాయి.

“నాకొక్కడికే ఎందుకు నాయనా? బల్ల దగ్గరికి వెళ్లు. అందరం వింటాం,” అన్నాడు మెల్లగా, అతని వీపు మీద చెయ్యి వేసి ముందుకు నడిపించాడు.

యోయెల్‌ను చూడగానే దలియా పక్కకు జరిగింది. గదంతా నిశ్శబ్దమైంది. అతను బల్ల అంచు పట్టుకుని నోరు తెరిచాడు. మొదటి శబ్దం దగ్గరే ఊపిరి ఆగింది. ఎవరూ కదల్లేదు. ఎంతసేపైనా సరే వినడానికి సిద్ధంగా ఉన్నట్టు అందరూ చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. రీవాకు గుండె నిండిపోయింది. అతను చెయ్యి పైకెత్తబోయాడు. ఆమె తన అరచేతిని మెల్లగా కిందికి దించి చూపించింది, బడిలో చూపించినట్టే. అతను చిన్నప్పటిలాగే చెయ్యి దించేశాడు. కళ్లు పైకెత్తాడు. తల్లిని తలుచుకుంటున్నాడనుకుని ఇద్దరు ముగ్గురు తలలు వంచుకున్నారు. ముందు వరసలో ఒకావిడ రుమాలు తీసుకుంది.

తెరిచి ఉన్న తోరా మీద తెల్లటి పొడి రాలింది. దాన్ని వేలితో తాకకూడదు గనక దలియా తన శాలువా కొసతో తుడిచింది. మళ్లీ రాలింది.

రీవా అప్పుడు యోయెల్ ముఖంలోకి చూసింది. అది దుఃఖం కాదు. ఆటస్థలంలో ఎవరో పిల్ల దెబ్బ తగిలి పడి ఉంటే, ఆ సంగతి చెప్పడానికి పరిగెత్తుకొచ్చి చెప్పలేక నిలబడ్డ పిల్లాడి ముఖం. అతను చెప్పబోయే మాట ఆమెకు తెలిసిపోయింది. అతని పెదవులు ఆ మాట కోసం కలుసుకుంటున్నాయి. ఇంకొక్క ఊపిరి, తనే అనేస్తాడు అనిపించింది. ఆ ఒక్క ఊపిరి సేపు ఆమె ఆగింది.

నెత్తిమీద శబ్దం ఈసారి గోడ నుంచి గోడకు పాకింది.

“పైకప్పు అంటున్నాడు,” అంది రీవా లేచి నిలబడి. “లేవండి. అందరూ బయటికి.”

ఆమె ఒకరి మాట అందుకోవడం అక్కడెవరూ ఎన్నడూ చూడలేదు. అందుకేనేమో, ఎందుకని ఎవరూ అడగలేదు. దలియా తోరాను చుట్టకుండానే గుండెలకు హత్తుకుంది. తలుపు కదల్లేదు. సెల్విన్, యోయెల్ కలిసి భుజాలతో తోశారు, అది సగమే తెరుచుకుంది. ఒక్కొక్కరే పక్కకు తిరిగి ఆ సందులోంచి బయటపడ్డారు. తలుపును ఆపి పట్టుకున్న సెల్విన్ చివర బయటికి అడుగేస్తుండగా గుమ్మం పైన ఇటుకలు అతని భుజం మీద పడ్డాయి. అతని వెనక పైకప్పు నడిమిభాగం, పెద్ద జంతువేదో అలిసిపోయి పడుకున్నట్టు, కిందికి దిగిపోయింది. కిటికీ అద్దాలు బయటికి చిమ్మాయి. తర్వాత చాలాసేపు మంచు రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

అప్పుడు యోయెల్‌కు మాట వచ్చింది.

“ప... పైకప్పు,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత వాళ్లు దలియా ఇంటి ముందుగదిలో కలుసుకోవడం మొదలుపెట్టారు. సెల్విన్ భుజం అతికింది కానీ చెయ్యి సగం కన్నా పైకి లేవదు. ఆ ఒక్క ఊపిరి సంగతి రీవా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు సరికదా, ఆవిడ ఆ మాట అనబట్టే బతికామని వచ్చినవాళ్లందరికీ చెప్పారు. నియమాన్ని రద్దు చేద్దామని కూడా ఎవరూ అనలేదు. అది దానంతటదే పోయింది.

యోయెల్ అంటే వాళ్లకు ప్రేమ ఎక్కువైంది. అతను నోరు తెరిస్తే చాలు, నీళ్లా అని ఒకరు, కోటు కావాలా అని ఒకరు, ఇంటికి దింపాలా అని ఒకరు. అతను ఏదో ఒకదానికి తల ఊపేవాడు. కొన్నిసార్లు తాగాలని లేకపోయినా నీళ్లు తాగేవాడు. రీవా మూల కుర్చీలోంచి చూసేది. ఆగండి, అతన్ని చెప్పనివ్వండి అనాలని ప్రతి వారం అనుకునేది. ఆ మాట అనడానికి తనకిక నోరుందా అనుకునేది.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒక శనివారం, కదిష్ అయ్యాక యోయెల్ కోటు తీసుకోలేదు. గది మధ్యకు వచ్చి నిలబడ్డాడు. జేబులోంచి తల్లి ఫోటో ఒకటి తీసి పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మొదటి శబ్దం దగ్గరే ఆగిపోయాడు.

“మీ అమ్మగారా? ఎంత బాగున్నారు,” అంది దలియా.

“ఎప్పటిది, పెళ్లినాటిదా?” అన్నాడు సెల్విన్. “కాదు, అంతకన్నా ముందుది. అంతేనా?”

“వంట బాగా చేసేవారట కదా,” అన్నారు ఇంకెవరో.

యోయెల్ ఒక్కొక్కరి వైపూ చూస్తున్నాడు. రీవా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని లేచింది. ఆమె లేవడం చూసి అందరూ నోళ్లు మూసుకున్నారు. అతనేం చెప్పబోతున్నాడో ఆవిడకే తెలుసన్నట్టు ఆమెవైపు తిరిగారు. ఆ నిశ్శబ్దాన్ని అతనికి ఇవ్వాలని ఆమె చేతులు కిందికి వదిలేసి, అతని కళ్లలోకి చూస్తూ నిలబడింది.

యోయెల్ నోరు మూసుకున్నాడు. ఫోటోను ఆమె వైపు తిప్పి, అందరిలాగే, ఆమె చెప్తుందని ఎదురుచూశాడు.