రెండు వందల పన్నెండు పేర్లు

మా బావకు గోదాం అని పేరు పెట్టింది నేనే. తెగిన వైరు కూడా పారెయ్యడు గనక. పేర్లు పెట్టడంలో నన్ను మించినవాడు లేడు. ప్రిన్సిపాలుకు పేరు పెట్టాకే నేను కాలేజీ మానేశాను. గెంటేశారని గిట్టనివాళ్లంటారు.

చూపులేనివాళ్ల గ్రంథాలయానికి వెబ్‌సైటు నడపడం బావ పని. ఒక పంతులమ్మ పదేళ్లపాటు చదివి రికార్డు చేసిన రెండు వందల పన్నెండు కథలు అందులో ఉండేవి. కిందటేడు గొంతుకు ఆపరేషనయ్యాక ఆవిడకు మాట పోయింది. ఆ గొంతు ఇక మిగిలింది ఆ సైటులోనే.

ఆ సైటును బావ కొత్త సర్వరుకు మార్చాడు. ఆయన జాగ్రత్త అంతా ఇంతా కాదు. ఇంటికి తాళం వేస్తే నాలుగుసార్లు లాగి చూస్తాడు. ఒకసారి తలుపే ఊడి చేతికొచ్చింది. కావాలంటే మా అక్కనడగండి, ఆవిడా నమ్మదు.

డేటాబేసుకు రోజూ బ్యాకప్ తీసేవాడు. దాన్ని కొత్త సర్వరులో ఎక్కించి, సెట్టింగులు సరిచేసి, సైటు తెరిచాడు. కథల పేర్లన్నీ వరుసగా వచ్చాయి.

"చూశావా బామ్మర్దీ, ఒక్కటీ తగ్గలేదు," అన్నాడు.

పాత సర్వరును అద్దెకిచ్చినవాళ్లకు అప్పగించేశాడు. వాళ్లు ఆ పూటే తుడిచేశారు.

మర్నాడు పొద్దున ఒక కథ పేరు నొక్కితే చప్పుడు లేదు. ఇంకోటి నొక్కాడు. అదీ అంతే. డేటాబేసులో ఉండేవి పేర్లూ, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామాలూ మాత్రమే. ఆడియోలు పక్కన వేరే ఫోల్డరులో ఉండేవి. దాన్ని ఆయన ఏనాడూ బ్యాకప్‌లో కలపలేదు. పదేళ్లూ కవర్లు భద్రంగా దాచి, ఉత్తరాలు గాలికొదిలేశాడన్నమాట.

గోదాం అనబోయి, ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను.

నన్ను వెంటబెట్టుకుని పంతులమ్మ ఇంటికి వెళ్లాడు. అద్దెవాళ్లను బతిమాలిన సంగతీ, లాభం లేకపోయిన సంగతీ దాచకుండా చెప్పాడు. "తప్పు నాదేనమ్మా. పేర్లు చూసి అన్నీ ఉన్నాయనుకున్నాను," అన్నాడు.

 ఆవిడ కాగితం తీసుకుని రాసింది: "విన్నవాళ్లను అడుగు. ఇక్కడే కూర్చుని అడుగు."

సభ్యుల ఫోన్ నంబర్లు డేటాబేసులో క్షేమంగా ఉన్నాయి. బావ ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. కథల్ని ఎవరూ తమ ఫోన్లోకి దించుకోలేదు, ఎప్పుడూ సైటులో ఉండేదేగా అన్నారు. పదిహేడో ఫోను కుర్చీలు అల్లే ఒకాయన ఎత్తాడు.

"ఫైలైతే లేదు సార్. ఆ పడవ కథ మాత్రం నాకు నోటికొచ్చు. అమ్మగారు ఎక్కడ ఆగుతారో కూడా తెలుసు. చెప్పమంటారా?"

బావ స్పీకరు పెట్టాడు. ఆయన నెమ్మదిగా మొదలుపెట్టాడు, పేరా మారినచోటల్లా ఊపిరి తీసుకుంటూ. పంతులమ్మ కళ్లు మూసుకుంది. చప్పుడు లేకుండా పెదవులు కదిలాయి. సగంలో చటుక్కున కళ్లు తెరిచి, కాగితం లాక్కుని, గబగబా రాసి బావ ముందుకు తోసింది.

అది చదివి బావ ఫోను మీదికి వంగాడు. "అన్నా, ఒక వాక్యం మింగేశారట. అమ్మగారు మళ్లీ మొదట్నుంచి చెప్పమంటున్నారు."