రేవు నక్షాతో ఆదిలాబాదు దాకా

మా ముత్తాత నరసింగరావు గారు గోదావరి ఉత్తరపు ఒడ్డున పద్దెనిమిది ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, మా తాత రాఘవరావు గారు కచేరీకి వెళ్తే తహసీల్దారు గుమ్మం దాకా ఎదురొచ్చేవాడట. మా నాన్న మాధవరావు గారి కాలంలో ఊళ్లు పోయాయి, ఎదురొచ్చేవాళ్లూ పోయారు. నేను కరీంనగర్‌లో అద్దె ఇంట్లో ఉంటూ బడిలో లెక్కలు చెబుతాను. ఎవరి జాలి కోసమూ ఈ సంగతి రాయడం లేదు. ఈ ప్రయాణం ఎందుకు చేశానో చెప్పాలంటే ఎవరి మనవణ్నో చెప్పక తప్పదు.

మా ఊరు నర్సాయిపేట దగ్గర గోదావరికి రేవు కట్టించాలని తాత అనుకున్నాడు. హైదరాబాదు నుంచి నక్షాలు గీసే మనిషిని పిలిపించి ఒక వానాకాలమంతా మా కోటలాంటి ఇంట్లో, గడిలో, ఉంచుకున్నాడు. గుడ్డ మీద గీసిన ఆ నక్షాలో ఇరవై ఒక్క మెట్లు, రెండు కొసల్లో రెండు మండపాలు, పైన బాటసారులకు ముసాఫర్‌ఖానా, దాని పక్కన పుస్తకాలు చదువుకునే గది ఉన్నాయి. నీళ్లకు పలుచని నీలం రంగు వేశాడు. చిన్నప్పుడు మధ్యాహ్నాల్లో దాన్ని నేల మీద పరచుకుని పక్కన బోర్లా పడుకునేవాణ్ని. ఏ పూట ఏ మెట్టు మీద మండపం నీడ పడుతుందో నాకు తెలుసు. కట్టని ఆ రేవులో తిరిగినంతగా నేను మా ఊళ్లో తిరగలేదు. రాళ్లు రాకముందే తాత పోయాడు.

ఈ మాఘంలో ఆదిలాబాదు నుంచి పనుల శాఖ ఇంజనీరు ఉత్తరం రాశాడు. నర్సాయిపేట వద్ద సర్కారు రేవు, బంగళా కట్టబోతోందనీ, పాత నక్షా మా దగ్గర ఉన్నట్టు తెలిసిందనీ, తీసుకుని రాగలరా అనీ. నచ్చితే దాని ప్రకారమే కట్టి, తాత పేరు రాతి మీద చెక్కిస్తామని చివర ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని చాలాసార్లు చదివాను. మా పేరు ఇప్పుడు పాత దస్తావేజుల్లో తప్ప ఎక్కడా లేదు.

చైత్రంలో ఒక సోమవారం పొద్దున ఆరింటికి కరీంనగర్‌లో పెద్దపల్లి బస్సెక్కాను. నక్షా రేకు గొట్టంలో ఉంది. టికెట్టు మీద నయా పైసలు, కండక్టరు నోట్లో అణాలు. చిల్లర తేలేసరికి సగం దారి అయిపోయింది. ఏడున్నరకు పెద్దపల్లి. స్టేషను బయట ఉప్మా తిని, తొమ్మిదింటి ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదుటి బల్ల మీద బెల్లంపల్లి బొగ్గు బాయిలో పనిచేసే రాజం, ఆయన భార్య కూర్చున్నారు. అత్తగారి ఊరికి వచ్చి తిరిగి వెళ్తున్నారు.

"గా గొట్టంల ఏమున్నది సార్, సన్నాయా?" అన్నాడు రాజం.

"నక్షా. గోదావరికి కట్టే రేవుది."

"మంచిదే. కని జర సూసి కట్టుమనుండ్రి. మా అత్తగారి ఊర్లె అంగడికి అరుగులు కట్టిండ్రు. మనిషి నడుమెత్తు. నెత్తిమీద గంప పెట్టుకున్న ముసల్ది ఎట్ల ఎక్కాలె? అందరు కిందనే కూసుంటున్నరు. అరుగుల మీద మేకలు పంటున్నయ్."

"కట్టేవాళ్లు ఆలోచించలేదా?"

"కట్టేటోడు గంప మొయ్యడు గద సార్."

"నువ్వు మోసినవా మల్ల?" అంది భార్య. రాజం కిటికీ వైపు తిరిగాడు.

మా మెట్లు జానెడు ఎత్తేనని చెప్పాను. అవసరం లేకున్నా చెప్పాను.

పదిన్నర దాటాక రైలు గోదావరి వంతెన మీదికి వచ్చింది. ఇనుప దూలాలు ఒక్కొక్కటే కళ్ల ముందు నుంచి జారిపోతుంటే కింద ఒడ్డు వెంట మెట్లు లేచినట్టు, సున్నం వేసిన మండపాల్లో ఎవరో కూర్చుని చదువుకుంటున్నట్టు కనిపించింది. అద్దం లాంటి ఎండ. ఏటిలో ఇసుక ఎంత ఉందో, నీళ్లు ఎక్కడున్నాయో నేను చూడలేదు. నక్షాలోని నీలాన్నే చూసుకుంటూ వంతెన దాటాను.

మంచిర్యాలలో పదకొండింటికి దిగి, స్టేషను ఎదుటి హోటల్లో అన్నం, పప్పుచారు తిన్నాను. ఒంటిగంటకు లక్షెట్టిపేట బస్సు. నర్సాయిపేట మలుపు దగ్గర దిగి ఊళ్లోకి అరగంట నడిచాను. మా గడిలో ఇప్పుడు బడి నడుస్తోంది. హెడ్‌మాస్టరు మర్యాదస్తుడు, రాత్రికి అక్కడే పడుకోవచ్చని తానే అన్నాడు. సంచి ఆయన దగ్గర పెట్టి, గొట్టం మాత్రం పట్టుకుని నాలుగింటికి ఏటి వైపు బయలుదేరాను.

గడి పెద్ద దర్వాజా నుంచి గీత గీసినట్టు నేరుగా నడిస్తే తాత పాతించిన నాలుగు హద్దు రాళ్లు వస్తాయి. నక్షా తీసి రాళ్ల మధ్య పరిచాను. మొదటి మెట్టు ఎక్కడ మొదలవుతుందో అక్కడ నిలబడి ముందుకు చూశాను.

నీళ్లు లేవు. కాళ్ల కింద నుంచి అవతల కరీంనగర్ ఒడ్డు దాకా తెల్లని ఇసుక. అవతలి ఒడ్డుకు ఆనుకుని ఒక మెరుపు గీత. అదే గోదావరి. ఒక్క మనిషి గాని, పశువు గాని అక్కడ లేదు. ఇరవై ఒక్క మెట్లూ దిగినవాడు ఆ ఎండలో ఎటు పోతాడో నాకు తోచలేదు. కల మధ్యలో ఎవరో దీపం తెచ్చి ముఖం దగ్గర పెట్టినట్టు నిలబడిపోయాను.

ఎగువన చాలా దూరంలో ఆడవాళ్లు నెత్తిన బిందెలతో వరసగా వెళ్తున్నారు. ఎండ ఆవిరిలో వాళ్ల కాళ్లు కనిపించడం లేదు, బిందెలు మాత్రం గాలిలో తేలిపోతున్నట్టున్నాయి. నక్షా చుట్టుకుని అటు నడిచాను. ఒడ్డు ఏట్లోకి పొడుచుకొచ్చిన చోట పెద్ద నల్లబండ ఉంది. దాని కింద పచ్చగా, లోతుగా మడుగు. బండ మీద ఒక ముసలామె నిండు బిందె పక్కన పెట్టుకుని కూర్చుంది.

"ఎవలు బిడ్డా?" అంది, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

చెప్పాను.

"మాధవదొర కొడుకువా. కచ్చరం బండి లేకుంట నడుసుకుంటనే వచ్చినవా?" అని నవ్వింది. "నేను పోశవ్వను. మీ గడికి నీళ్లు మోసిన."

కూలి లేకుండా, ముప్పై ఏళ్లు మోసిందట. ఆమె ముఖం నాకు గుర్తు రాలేదు. రాగి గంగాళంలోని ఆ నీళ్ల చల్లదనం మాత్రం గుర్తొచ్చింది.

నక్షా ఆమె ముందు పరిచాను. వంగి చాలాసేపు చూసింది.

"పటం లెక్క సక్కగున్నది. నీళ్లేడున్నయ్?"

నీలం చూపించాను. హద్దు రాళ్ల చోటు చెప్పాను.

"గక్కడనా? గక్కడికి గంగ ఆషాఢంల వస్తది, దీపావళికి పోతది. కడమ దినాలన్ని ఉసికెనే."

"తాతకు తెలియదా పోశవ్వా?"

"ఎట్ల ఎరుకైతది? మీరు గంగను సూసుడు ఏడాదికి ఒక్కనాడు. గంగ నిండినంక మేనాల వస్తుండ్రి, పసుపు కుంకుమ చల్లి, చీర ఇడిసిపెట్టి పోతుండ్రి. కడమ దినాలు గంగనే మీ ఇంటికి వచ్చె, మా నెత్తిమీద." కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. "గీ బండ కింది మడుగు రోహిణిల సుత ఎండది. గా నక్ష గీసినాయిన ఒక్కపారి అడిగితె నేనే చెప్పకపోదునా. ఎవలు అడుగలే."

బండ నుంచి ఊరి వైపు ఒక తొవ్వ పోతోంది. నేల మోకాలి లోతున అరిగి ఉంది. దాని వెంట చూపు పోనిస్తే చివర మా గడి పెరటి గుమ్మం కనిపించింది. ఆ గుమ్మంలోంచి నేను ఎన్నడూ ఇటు నడవలేదు.

"ఈ బిందె జర ఎత్తు బిడ్డా. తోడు వచ్చినోళ్లు ఎల్లిపోయిండ్రు. ఎవలన్న వస్తరని కూసున్న."

ఎత్తాను. అంత బరువుంటుందని అనుకోలేదు. పోశవ్వ భుజం నా రొమ్ము దాకానే వస్తుంది. నెత్తిన పెట్టేసరికి నీళ్లు తొణికి నా చొక్కా తడిసింది. ఆమె వెనక్కి చూడకుండా తొవ్వ పట్టింది.

మర్నాడు ఏడుంపావుకు మలుపు దగ్గర నిర్మల్ బస్సు ఆపాను. ఈ దారిన పోయేవారు పొద్దుటి బస్సే పట్టుకోవాలి. అది తప్పితే మళ్లీ సాయంత్రమే. జన్నారం దాటాక రెండు వైపులా టేకు అడవి. ఆకు రాల్చిన చెట్లు మండపం స్తంభాల్లా వరసలు కట్టి వెనక్కి జరుగుతుంటే కళ్లు మూతపడ్డాయి. కలలో రేవు నిండా నీళ్లు. మెట్ల మీద జనం. రాతి మీద తాత పేరు, అక్షరాల్లో తడి. మెలకువ వచ్చాక కూడా అది పోలేదు. ఆ రేవు వానాకాలంలో నిజంగానే అందంగా ఉంటుంది. పెద్దమనుషులు చూడటానికి వచ్చేదీ అప్పుడే. పోశవ్వ మాటను ఆదిలాబాదు దాకా మోసుకెళ్లమని నన్నెవరూ అడగలేదు. నేను ఊరుకుంటే చాలు, పేరు నిలుస్తుంది.

నిర్మల్‌లో మధ్యాహ్న భోజనం చేసి రెండింటి బస్సెక్కాను. నాలుగింటికి ఇచ్చోడలో చాయ్ తాగుతుంటే హోటలు మనిషి, "ఆదిలాబాద్‌ల దిగంగనే ఎడమ దిక్కు ఖానావళి ఉంటది. జొన్న భాకర్ తిను సార్, అన్నం అడుగకు. ఆడు వండుడు నేర్వలే," అన్నాడు. ఆయన మాట నిజమే. అయిదున్నరకు చేరి, ఖానావళిలో భాకర్, పచ్చిమిరప ఠేచా తిని, దాని పైగదిలోనే మంచం తీసుకున్నాను.

బుధవారం పదిన్నరకు కచేరీకి వెళ్లాను. ఇంజనీరు కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన యువకుడు. కుర్చీ వేయించి, నక్షాను బల్ల మీద పరచి నాలుగు మూలలా బరువులు పెట్టాడు. అంచుల మీద వేలు ఆనించకుండా గాలిలోనే మెట్లు లెక్కపెట్టాడు.

"ఇలాంటి గీత ఇప్పుడెవరూ గీయరండీ. మా సర్వే భాద్రపదంలో జరిగింది. నీళ్లు సరిగ్గా ఇక్కడే ఉన్నాయి. రెండూ కలిశాయి చూడండి." తన కాగితాన్ని పక్కన పెట్టాడు. నిజంగానే కలిశాయి. ఆయన ఎర్ర పెన్సిలు తీశాడు. "తాతగారి పూర్తి పేరు ఎలా రాయమంటారు?"

ఈ ప్రశ్నకు జవాబు మాఘం నుంచి నా దగ్గర సిద్ధంగా ఉంది.

"చోటు తప్పండీ," అన్నాను. "ఇప్పుడు అక్కడ నీళ్లు లేవు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండవు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ నీళ్లకు వెళ్లలేదు. అందుకని మాకు తెలియలేదు."

పెన్సిలు ఆగింది. "మీకెవరు చెప్పారు?"

"పోశవ్వ అని, మాకు నీళ్లు మోసిన మనిషి."

బండ సంగతీ, మడుగు సంగతీ చెప్పాను. ఆయన ఆ చోటును తన కాగితం మీద వెతికి గుర్తు పెట్టాడు. మెల్లగా అన్నాడు: "బండ దొరికితే పునాదికి చింత లేదు. కానీ అక్కడ మండపాలకు చోటు ఉండదండీ. మెట్లు, పైన ఒక కప్పు, అంతే. ఈ నక్షా పనికిరాదు. మరి నక్షా వాడకపోతే పేరు రాయి మంజూరు కాదు."

"తెలుసు."

"మీరు చెప్పకపోతే ఇది మీ ఊళ్లో నిలిచేది."

ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. బండ ఎక్కే మెట్ల సగంలో ఒక దిమ్మె గీశాను, పోశవ్వ భుజమెత్తు. ఒంటరిగా వచ్చిన మనిషి బిందెను దాని మీద దించి, తిరిగి తానే నెత్తికి ఎత్తుకోవడానికి. ఎత్తు ఎంతో నా రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించాను. ఇంజనీరు టేపు తెచ్చి కొలిచి, అంకె రాసుకున్నాడు. తాత నక్షాను గోడకు పెట్టుకుంటానని అడిగాడు. ఇవ్వలేదు.

ఒంటిగంట బస్సులో తిరుగు ప్రయాణం. ఆ రాత్రికి నిర్మల్ సరాయిలో ఉండి, మర్నాడు మంచిర్యాలలో రైలెక్కాను. వంతెన మీద ఈసారి గోదావరిని చూశాను. ఇసుక మధ్య నీటి పాయలు ఎక్కడ విడిపోయి ఎక్కడ కలుస్తున్నాయో, ఏ పాయ దగ్గర గొర్లు ఆగాయో, ఏ తొవ్వ ఏ ఊరికి పోతోందో అన్నీ కనిపించాయి. ఎవరో లేత రంగులతో ఇప్పుడే గీసి, ఆరబెట్టి వెళ్లినట్టుంది. మండపాలు లేకున్నా అందంగానే ఉంది. ఈ దారిన పోయేవారికి నా సలహా ఒకటే: గోదావరిని వానల్లో అందరూ చూస్తారు, చైత్రంలో కూడా ఒకసారి చూడండి.

బండ పైన ఉన్న ఎకరంన్నర మెట్ట చెలక మా పేరిట మిగిలిన ఆఖరి భూమి. మెట్లకు దారి అందులోంచే పోవాలని తర్వాత ఇంజనీరు రాశాడు. దానంగా రాసివ్వాలని ఉండింది కానీ అంత స్థితి లేదు. వైశాఖంలో లక్షెట్టిపేట కచేరీకి వెళ్లి దాన్ని సర్కారుకు అమ్మాను.