తుప్పు, తప్పు

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, మేడమీది గదిలో ఉండే ఆయన్ని అందరూ ఇంజన్ల సార్ అనేవారు. ఎవరో ఎప్పుడో విడిభాగాలు కొనుక్కుని ఇంట్లో కూర్చుని కట్టుకున్న బుల్లి రైలింజన్లను ఆయన బాగుచేసేవారు. కొన్ని ఆదివారంపూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికేవి. ఏది చేతికొచ్చినా మొదట అడిగేది ఒకటే.

"కట్టిందెవరు?"

"మా నాన్న," అన్నాను. నాన్న పోయాక అటక మీదే ఉండిపోయిన ఇంజన్ని ఆయన దగ్గరికి తెచ్చాను.

సార్ దాన్ని పసిపిల్ల చెవులు తుడిచినట్టు దూదితో తుడిచారు. కొన్నాళ్లకు మళ్లీ వెళ్తే, పైకప్పు విప్పి చూపించి నవ్వారు.

"మీ నాయిన మోటార్ తీగలు ఉల్టా కలిపిన్రు బిడ్డా. మీట ముందుకు తిప్పితే ఎన్కకు పోతది. సీదా చెయ్యాల్నా?"

చిన్నప్పుడు మా ఇంట్లో అది వెనక్కే నడిచేది. ఇంజన్లన్నీ అలాగే నడుస్తాయనుకునేదాన్ని.

"వద్దు సార్."

"ఔ, నేను గూడ గదే అనుకున్న. తుప్పు తీస్త గని తప్పు తియ్య. తప్పు కట్టినోళ్లది."

గదిలో పరిచిన బుల్లి పట్టాల మీద, కిటికీ దగ్గరి కొసన, ఇంజన్ని ముఖం బయటికి పెట్టి నిలబెట్టారు. నేను రెండో కొసన కూర్చున్నాను. మీట మీద వేలుంచి ఆగారు.

"జర ఆగు. స్టేషన్ల కూత రానియ్యి."

మెత్తటి సాయంత్రపు ఎండలో ఎక్కడినుంచో కూత వచ్చింది. సార్ మీట ముందుకు తిప్పారు. వెళ్లిపోతున్న ముఖంతోనే, నాన్న ఇంజన్ మెల్లగా నా దగ్గరికి వచ్చింది.